మూడుసార్లు తొక్కిన బ్రేకు

మొన్న సూర్యాపేట దగ్గర మేమెక్కిన బస్సు ఒక్కసారిగా ఆగింది. మాడిన బ్రేకు వాసన లోపలికి గుప్పుమంది. పక్కవాళ్లు ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం నర్సింగరావు గారు గుర్తొచ్చారు.

నవాబు పాలన పోయి సర్కారు మారిన కొత్తలో ఆయన మోటారు బండ్ల ఇన్‌స్పెక్టరు, నేను ఆయన కింద గుమాస్తాను. రోడ్ల మీద చావులు తగ్గాలని, దేశమంతటా ఒకే పద్ధతిలో బండ్లను పరీక్షించాలని ఢిల్లీ నుంచి హుకుం వచ్చింది. జనం నమ్మలేదు. పరీక్ష పేరుతో లారీలు గుంజుకుంటారేమోనని కోదాడలో కొందరు బండ్లను గడ్డివాముల చాటున దాచారు. వాళ్ల అనుమానం ఒక ఎత్తు, మా సారు అనుమానం ఒక ఎత్తు. ఆయన డ్రైవరును నమ్మరు, యజమానిని నమ్మరు, నన్నయితే అసలే నమ్మరు. నేను నింపిన ప్రతి కాగితాన్నీ వెలుతురుకెత్తి చూసేవారు. నాకు ఒళ్లు మండేది.

మిర్యాలగూడలో మా బావ లారీ వంతు వచ్చింది. ధాన్యం మూటల మీద మనుషులను ఎక్కించుకుని కోదాడకు తిరిగే బండి అది. మా అక్కా, పిల్లలూ వారం వారం దాంట్లోనే పోయేవాళ్లు. ఆ రోజు తలుపు మీది పాత సొట్ట కనిపించలేదు. బావ బాగు చేయించి ఉంటాడులే అనుకున్నాను. డ్రైవరు ఎల్లయ్య నడిపి చూపించాడు, లారీ చక్కగా ఆగింది. పాసైందని రాయడానికి నేను కలం తీశాను.

"ఆగు. మీ బావ బండి కదా, గందుకేనా తొందర?" అన్నారు సారు.

"బండి ఆగింది కద సార్! మీరే సూస్తిరి," అన్నాను రోషంగా.

ఆయన ఎల్లయ్యను మళ్లీ నడపమని, తాను లారీ మెట్టు మీద నిలబడి అతని కాలినే చూశారు. మొదటి తొక్కుకే లారీ నిలిచిపోయింది. ఎల్లయ్య పోయి స్టీరింగుకు గుద్దుకున్నాడు. అయినా అతని కాలు ఇంకో రెండుసార్లు బ్రేకును తొక్కింది.

"ఆగిన బండికి మళ్ల బ్రేకెందుకు తొక్కుతున్నవ్? నీ బండికి మూడుసార్లు తొక్కితెనే పడ్తదా?"

ఎల్లయ్య తల దించుకున్నాడు. "అలవాటైపోయింది సారూ. ఇది మా బండి కాదు. నంబరు పలక మార్సి తెచ్చినం."

అసలు లారీ ఊళ్లోని బియ్యం మిల్లు వెనక దొరికింది. సారు దాన్ని అక్కడే ఆపించారు. బావకు నేనే చెప్పి పట్టించానని అనుమానం. అక్క ఏడాది పాటు నాతో మాట్లాడలేదు.

ఆ బ్రేకు ఎంత అధ్వానంగా ఉండేదో తర్వాత మెకానిక్కు చెబితే అక్కకు తెలిసిందట. ఒకరోజు తానే సూర్యాపేటలోని మా ఇంటికి వచ్చి, నా చేయి పట్టుకుంది.

"నేనూ పిల్లలూ దాంట్లనే పోతుంటిమని మీ సారుకెట్ల తెలుసు తమ్మీ?"

"ఆయనకు తెల్వదక్కా," అన్నాను. "నాకు తెలుసు. తెలిసి గూడ కలం తీసిన."

అక్క నా చేయి వదిలేసింది. ఆనాటి సిగ్గు ఇప్పటికీ పోలేదు.