మొలవని పదకొండో గింజ

మా మేనత్త పోయింది. రోహిణి ఎండల్లో నాలుగు రోజులు జ్వరంతో పడి ఉండి, దేవరకొండ దవాఖానకు తీసుకుపోదామంటే "జర చల్లబడనియ్యిండ్రి" అంటూ వాయిదా వేసి, వాన పడకముందే వెళ్లిపోయింది. కబురు అందేసరికి, నేను ఆమెతో సరిగా మాట్లాడి రెండేళ్లయింది.

అత్తకు అయిదెకరాల ఎర్రచెల్క, వాన మీద పండే మెట్టనేల. ఇంట్లో గోడవారగా విత్తనాల కుండలు. బూడిద కలిపి, వేపాకు వేసి, మూతులకు పేడ మెత్తేది. ఎవరు అడిగినా గుప్పెడు పోసి పంపేది. "ఇత్తనమడిగినోళ్లకు లేదనొద్దు. లేదన్న ఇంట్ల కుండ పుచ్చుతది" అనేది. నేను నవ్వితే నెత్తిన ఒక్కటి మొట్టేది.

ఒక ఏడు పచ్చపురుగు ఆమె పత్తినంతా తినేసింది. మందు మీద మందు కొట్టినా కాయకాయనూ తొలిచింది. మరుసటేడు, పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తిని పరీక్షించే చోట నాకు పని దొరికింది. ఎకరం చెల్క అడిగితే అత్త కాదనలేదు. ఒక్కటే అడిగింది.

"పురుగు సచ్చేది సరే అల్లుడా, మిగిలిన జీవాలేమైతయి?"

"అది తెల్సుకునేటందుకే గదత్తా గీ పరీక్ష."

అధికారులు పెట్టిన షరతు ఒకటే. పరీక్ష ముగిసేదాకా ఒక్క గింజ కూడా కంచె దాటకూడదు. కూలీలందరికీ చెప్పాను. అత్తకు రెండుసార్లు చెప్పాను.

పైరు మోకాలెత్తు వచ్చేసరికి లొల్లి మొదలైంది. ఇలాంటి పరిశోధనలే ఆపాలని కొందరు, ఆపితే పురుగు పాలవుతామని కొందరు. ఒకనాడు పంచాయతీ ఆఫీసు ముందు జనం గుమిగూడారు. కొడవళ్లు పట్టుకొచ్చినవాళ్లు మా చెల్క వైపే చూస్తున్నారు. నేను ముందుకొచ్చి గట్టిగా అన్నాను.

"ఒక్క గింజ గూడ కంచె దాటలే. జిమ్మేదారి నాది!"

అత్త లేచి నిలబడింది.

"దాటింది. నేనే ఇచ్చిన."

విత్తిన రోజు ఆమె ఒడిలో పదకొండు గింజలు మిగిలాయట. పక్కచేను చాంద్‌బీ చూసి అడిగిందట. దోసిట్లో పోసిందట.

"అడిగినంక లేదనలేకపోయిన. తప్పు నాది, పిల్లగానిది గాదు."

"ఇంట్ల మనిషినే ఆపలేనోడు ఊరిని కాపాడుతడా?" అని ఎవరో అరిచారు. నిజమే కదా! కొడవళ్లు కదిలాయి. అత్త రెండు చేతులూ చాచి అడ్డం పోయింది.

"ఆగుండ్రి! తెల్సుకునుడు ఆపుమని నేనంటలేను. తెల్సుకోవాలె. గని తెల్వనిదాన్ని నా అసొంటి దాని ఒడిల పోసి, జాగ్రత్తనుకుంట పోతె ఎట్ల?"

ఆ మాటకు జనం ఆగారు. అధికారులు ఆగలేదు. మర్నాడే వచ్చి, పైరంతా పీకించి కాల్పించారు. పురుగు లొంగేదో లేదో తెలియకుండానే పోయింది. నా పనీ పోయింది. ఇంటికొచ్చి ఆమె మీద విరుచుకుపడ్డాను.

"నోరు మూసుకుంటె ఏంబోయేదే అత్తా?"

"నేను నోరు మూసుకుంటె గింజ మొలవకుంటదా అల్లుడా?"

అప్పటికే అత్త చాంద్‌బీ చేనుకు పోయి, గింజలు పెట్టిన చోట్లన్నీ వెతికి, పది మొక్కలు వేళ్లతో సహా పీకి తెచ్చింది. పదకొండో చోట ఏమీ మొలవలేదు. కుళ్లిందో, చీమలెత్తుకుపోయాయో. అక్కడొక రాయి పెట్టి, ఆ వానకాలమంతా పొద్దున్నే పోయి చూసొచ్చేది. పిచ్చిదన్నాను. ఆమెకు వినబడేలాగే అన్నాను.

ఆ రోజు జనంలో నిజం చెప్పింది ఆమె ఒక్కతే. తెలియకుండానే అయినా, నేను చెప్పింది అబద్ధం. కొలతలు రాసుకోవడం నాకు చాలామంది నేర్పారు. రాసుకున్నది తప్పని తేలితే లేచి చెప్పడం మాత్రం ఆమె దగ్గరే చూశాను. బతికుండగా ఈ మాట అనలేదు. సిగ్గుపడుతూ ఇప్పుడంటున్నాను.

పెద్దకర్మ నాడు మృగశిర వాన పడింది. భోజనాల బంతిలో కూర్చోబుద్ధి కాక చెల్క వైపు నడిచాను. పక్కచేనులో రాయి దగ్గర చాంద్‌బీ కూర్చుని వేలితో తడిమట్టి కదుపుతోంది.

"తొలివానకు సూడుమన్నది అక్క. పోయేముందు నాతోని ఒట్టేయించుకున్నది" అంది.

పత్తిగింజ నేలలో రెండేళ్లు బతకదని నాకు తెలుసు. ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నేను కూడా వంగి చూశాను.