గౌరమ్మది ఏ ఊరు?

ఇన్నేళ్లుగా ఒక గుడిని మోస్తున్నాను. చిన్నదే. నాలుగు గోడలు, రేకుల కప్పు. అయినా బరువే. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

బందరులో విలేకరిగా ఉన్నప్పుడు రోజూ గిలకలదిండి రేవుకు వెళ్లేవాణ్ణి. అక్కడి బోటు యజమాని పోలయ్యను బాబాయ్ అనేవాణ్ణి. ఆయన కూతురు మంగ, ఐసు ఫ్యాక్టరీ మెకానిక్ ప్రభాకర్‌ను ఇష్టపడింది. వాళ్లది చర్చి, వీళ్లది గంగమ్మ. పోలయ్య ససేమిరా అని వేరే సంబంధం చూశాడు.

అప్పుడే ఊళ్లో ఒక సినిమా ఆడింది. పల్లె ఒప్పుకోని ప్రేమ. చివరికి నాయిక గౌరిని సముద్రం తీసుకుపోతుంది, తండ్రి ఒడ్డున కూలబడిపోతాడు. “నాన్నని ఒక్కసారి తీసుకెళ్లన్నయ్యా” అంది మంగ. తీసుకెళ్లాను.

బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర పోలయ్య గ్లాసు పట్టుకుని నా వైపు తిరిగాడు.

“పేపరోడివి, నువ్వు చెప్పు. ఇది జరిగిందేనా?”

“జరిగింది బాబాయ్. దివిసీమలో.”

“పేపర్లో వచ్చిందా?”

“నేనే రాశాను.”

ఆయన గ్లాసు కింద పెట్టాడు. “ఆ ఐసు కుర్రాడు డ్యూటీకి సరిగ్గా వెళ్తాడా?”

పెళ్లయింది. అక్కడితో ఆగితే ఇది రాసేవాణ్ణి కాదు.

అకాలంగా పోయిన ఆడపిల్లను పేరంటాలుగా కొలవడం ఆ తీరంలో ఆచారం. పోలయ్య వేట మొదలయ్యే రోజున గౌరి పేరుతో పసుపు, కుంకుమ, గాజులు సముద్రంలో వదిలాడు. ఆ రోజు వల నిండా చేపలు పడ్డాయి. మిగతా బోట్లవాళ్లు ఊరుకుంటారా? గౌరమ్మ పేరంటాలికి గుడి లేచింది. ఏటా సంబరం. గోడలకు సున్నం వేసేది చర్చికెళ్లే అల్లుడు ప్రభాకరే. నేనూ వెళ్తాను, పులిహోర రెండుసార్లు పెట్టించుకుంటాను. సినిమా వాళ్లు పుట్టించిన పిల్లకు కొబ్బరికాయ కొడుతూ నవ్వాపుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు.

ఈ ఏడు నవ్వు రాలేదు.

“గౌరమ్మది ఏ ఊరు అబ్బాయ్?” అన్నాడు పోలయ్య. “వాళ్ల పిల్ల పోబట్టి నా పిల్ల నాకు మిగిలింది. పంచెల చాపు కొన్నాను. సంబరానికి పిలిచి ఆ తండ్రికి ఒకసారి దండం పెట్టుకోవాలి.”

“కనుక్కుంటాను” అన్నాను. ఎక్కడ కనుక్కోను? వార్తలో ఒక్క ఇంటిపేరు తప్పు పడితే నిద్రపట్టని మనిషిని, ఒక మనిషినే ఎలా కల్పించాను? మంగ కోసమేనా, లేక పోలయ్య నా మాటను అచ్చులో చూసినట్టు నమ్ముతున్నాడన్న గొప్ప కోసమా? రెండూ కావచ్చు. మళ్లీ ఆ టీ కొట్టు దగ్గర నిలబెడితే ఏం చెబుతాను? అదే చెబుతానేమోనని భయం.

లేని తండ్రి కోసం ఆ పంచెలు మాత్రం ఎదురుచూడకూడదు.

ఇది అచ్చు వేసే పేపరు వాళ్లకు నా పేరు వేయవద్దని చెప్పాను. వాళ్ల పేర్లు మార్చలేదు. పోలయ్యకు చదువు రాదు. పొద్దున్నే పేపరు చదివి వినిపించేది మంగ కూతురు. ఇదీ ఆ పిల్లే చదువుతుంది.

దాని పేరు గౌరి.