నీళ్లలో ఆకలి

తొంభైల్లో హిందూపురం కాలేజీలో మాకు వృక్షశాస్త్రం చెప్పిన సారు, పిల్లల బాగోగులు ఎన్నడూ అడిగినవాడు కాదు. మొక్క కనబడితే మాత్రం వంగి, "తిన్న్యావా అప్పా?" అని పలకరించేవాడు.

ఒకసారి చలిదేశాల పీట్ నేలల గురించి చెప్పాడు. నాచు తరతరాలుగా పేరుకున్న బురద నేలలవి. నీళ్లకు కొదవ లేకపోయినా పోషకాలు అందక మొక్కలు ఆకలితో ఉంటాయట. కొన్ని తమ వేళ్ల దగ్గర బూజుతో పొత్తు పెట్టుకుంటాయి, కొన్ని పురుగుల్ని పట్టి తింటాయి. భూమి వేడెక్కితే ఆ నాచు త్వరగా కుళ్లి తిండి వదులుతుంది గానీ, అది లోతు వేళ్లవాటికే ఎక్కువ దక్కుతుందట.

"నీళ్లుండంగ ఆకలేంది సార్?" అని పగలబడి నవ్వాం. వానకు మొహం వాచిన ఊళ్ల పిల్లలం మరి.

ఆయనకు రోషమొచ్చింది. వానలు పడగానే మమ్మల్ని పెనుకొండ కొండెక్కించాడు. తడిబండ మీద పురుగుల్ని తినే ఎర్రటి చిన్న మొక్క ముందు బోర్లా పడుకుని, "తిన్న్యావా?" అన్నాడు. గొర్రెలు తోలుకొస్తున్న ఒక అవ్వ, కళ్లు తిరిగి పడిపోయాడనుకుని తన డబ్బాలోని నీళ్లన్నీ ఆయన నెత్తిన కుమ్మరించింది.

మొహం తుడుచుకుంటూనే ఆమెకూ పాఠం మొదలుపెట్టాడు. "ఇది నీళ్లలోనే ఉండాది గానీ, ఆకలితో ఉండాది అవ్వా."

అవ్వ నవ్వలేదు. "అదేం వింతప్పా? కరువులో మేము నీళ్లు తాగి పండుకోలేదా?"

మా నవ్వులు ఆగిపోయాయి. సారు తన క్యారియర్ విప్పి ఆమె ముందు పెట్టాడు.

"తిన్న్యావా అవ్వా?"

ఆ మాట ఆయన ఒక మనిషిని అడగడం మేం విన్నది అదొక్కసారే.