టీవీ నెత్తిన కేబేజీ

మా చిన్నప్పుడు టీవీకి నెత్తి ఉండేది...

నెత్తి ఉన్నాక పువ్వు లేకపోతే ఎలా? విజయనగరంలో మా వీధిలో ఏ ఇంట్లో చూసినా టీవీ మీద ఒక గుడ్డ, దాని మీద ఊలుతో అల్లిన ఒక పెద్ద పువ్వు. అందరిళ్ళలోనూ అవి ఆ ఇంటి ఆడవాళ్ళు అల్లినవి. మా ఇంట్లోది మాత్రం నేను అల్లింది.

చదువుతున్నవారు ఒక నిమిషం మౌనం పాటించగలరు.

ఏడో తరగతి సెలవుల్లో జామచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను. అమ్మానాన్నలకి కొట్టు వదిలి కదిలే వీలు లేదు. పిండికట్టుతో సహా నన్ను తీసుకెళ్ళి నెల్లిమర్లలో మా మేనత్త ఇంట్లో పెట్టారు. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఊలు అల్లే క్రోషా సూది ఒకటి ఉండేది.

"ఒరే అల్లుడూ, ఇరిగింది కాలే గదేటి? సేతులు బాగానే ఉన్నాయి. పట్టు" అని ఆ సూది నా చేతిలో పెట్టింది.

పొరలు పొరలుగా ఉండే పెద్ద పువ్వు అది. ఒక వరస రేకలు అయ్యాక వాటి వీపు వెనక ఊలుతో గొలుసు వెయ్యాలి. తర్వాతి వరస రేకలు ఆ గొలుసు మీంచి పుడతాయి.

"వరస మారినప్పుడల్లా గొలుసు కాస్త పొడుగు సెయ్యాల్రా. నేకపోతే రేకలు ఇచ్చుకోవు, ముడుసుకుపోతాయి" అని అత్త చెప్పింది. నేను బుద్ధిగా తలూపి, అన్ని వరసలకీ ఒకే పొడుగు గొలుసు వేశాను. సమానత్వం మీద నాకు చిన్నప్పట్నుంచీ నమ్మకం ఎక్కువ.

దాంతో రేకలన్నీ పైకి లేచి, లోపలికి ముడుచుకుని, ఒకదాన్నొకటి వాటేసుకుని కూర్చున్నాయి...

అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "పువ్వు గాదురా ఇది, కేబేజీ. కూరకి పనికొస్తాది."

ఇంకో వరస వేస్తే సర్దుకుంటుందిలే అని కొస ముడి వెయ్యకుండా ఉంచాను. ఈలోగా కట్టు విప్పేశారు, అమ్మ వచ్చి తీసుకుపోయింది. ఆ కొసని అలాగే రేకల మధ్య దోపేశాను.

అమ్మ మురిసిపోయి దాన్ని టీవీ గుడ్డకి నాలుగు కుట్లు వేసి బిగించింది. ఒక రేక తెర మీదికి వేలాడేది. ఎవరు అల్లారో ఎవరికీ చెప్పకూడదని అమ్మ చేత నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. వీధి క్రికెట్ జట్టులో నేను ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌ని మరి. ఊలు సంగతి బయటపడితే అంతే సంగతులు.

ఒక ఆదివారం మ్యాచ్ చూడ్డానికి జట్టంతా మా ఇంట్లో దిగింది. మా కెప్టెన్ శీనుగాడు తెరకి ముక్కు ఆనించేంత దగ్గరగా కూర్చున్నాడు.

"ఒరే, స్కోరు మీద ఈ కేబేజీ ఏటిరా కూకున్నాది?" అంటూ లేచి, ఆ వేలాడే రేకని పట్టబోయి, దోపిన కొసని పట్టుకున్నాడు. లాగాడు.

ముడి లేని కొస ఒక్కటి దొరికితే చాలు... ఎన్నాళ్ళ అల్లికైనా నిమిషంలో మళ్ళీ ఊలైపోతుంది. ఒక రేక పోయింది. రెండోది సగం పోయింది. పువ్వా, పరువా? తేల్చుకునే లోపు నోరు దాని పని అది కానిచ్చేసింది.

"ఒగ్గేయ్‌రా! కొస ముడెయ్యలేదు! గొలుసు దాకా ఊడిపోతాది!"

అందరూ నా వైపు తిరిగారు.

"గొలుసేటిరా?" అన్నాడు శీను. తర్వాత చాలా నెమ్మదిగా, "అయినా నీకెలాగ తెలుసు?"

అమ్మ వైపు చూశాను. ఒట్టు తప్పలేదు మహాతల్లి. పకోడీల పళ్ళెం కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

అక్కడితో ఊరుకున్నా కొంత పరువు దక్కేదేమో... కానీ బయటపడ్డ ఆ పొట్టి గొలుసుని చూస్తే అత్త మాట గుర్తొచ్చింది. చేతులు ఊరుకోలేదు.

"ఆగిపోయావేటిరా? ఇంకా లాగు. వరసంతా రానీ" అన్నాను.

కంపాస్ బాక్సు అడుగున దాచిన, అత్త ఇచ్చిన సూది తీశాను. జట్టు మొత్తం చూస్తుండగా గొలుసు పొడుగు చేసుకుని ఆ వరస మళ్ళీ మొదలుపెట్టాను. శీను ఊడిన ఊలంతా ఒళ్ళో వేసుకుని, చిక్కుపడకుండా నాకు అందిస్తూ కూర్చున్నాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. తలెత్తితే ఒట్టు. మధ్యలో మనవాడెవడో అవుటయ్యాడు, ఒక్కడూ చూడలేదు.

ఆఖరి వరస పళ్ళెంలా విచ్చుకుంది. ఈసారి కొస ముడేశాను.

"బాగున్నాది" అన్నాడు శీను. "రేపు గ్రౌండుకి మాత్రం బేట్ పట్టుకుని రా కేబేజీ. సూదొద్దు."

జట్టులో చోటు దక్కింది. అమ్మానాన్న పెట్టిన పేరే దక్కలేదు. ఇంటర్లో కేబేజీ, డిగ్రీలో కేబేజీ... వాళ్ళ ఫోన్లలో ఈరోజుకీ నా నంబరు ఆ కూర పేరు మీదే ఉంది. సూది మాత్రం ఆ రోజు తర్వాత మళ్ళీ పట్టలేదు.

ఇప్పటి టీవీలు అప్పడంలా పల్చగా ఉంటాయి. నెత్తే లేదు, పువ్వెక్కడ పెడతాం? అమ్మ దాన్ని టీవీ పక్కన గోడకి మేకు కొట్టి తగిలించింది. ఒట్టుకి గడువు తీరిందని తనే తీర్మానించుకుంది కూడా. ఇంటికి ఎవరొచ్చినా "మావోడే అల్లీసినాడండి, ఏడో క్లాసులో" అంటుంది. నేను ఫోన్లో ఏదో అత్యవసరమైనది చూసుకుంటూ ఉంటాను. చెవులు అప్పటిలాగే కాలతాయి.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక అప్పుడప్పుడు తలెత్తి చూస్తాను... వీధిలో ఎవరికీ తెలియకుండా అల్లిన లోపలి వరసలన్నీ ఇంకా ముడుచుకునే ఉన్నాయి. అందరి ముందూ సిగ్గుతో చస్తూ అల్లిన ఆ ఒక్క వరసే విచ్చుకుని ఉంది.

మీ ఇంట్లో టీవీ నెత్తిన ఏముండేది? ఎవరు అల్లారు? మగాళ్ళైతే మొహమాటం లేకుండా కింద చెప్పండి... మీ వాటా సిగ్గు కూడా నేనే పడతాను.