పేర్లు కొట్టించిన పెట్టె

మా చర్చి క్వయిర్ మాస్టారు పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను వాకిట్లో పాలు పోయించుకుంటున్నాను. "లేపితే లేవలేదక్కా" అంది. గిన్నె గట్టు మీద పెట్టేసి రెండిళ్ళ అవతలున్న వాళ్ళింటికి నడిచాను.

ఆ రోజు ఏడుపే వచ్చింది, కోపం రాలేదు. కోపం వచ్చింది జ్ఞాపకార్థ కూడిక నాడు. చర్చి సంఘం కార్యదర్శి గారు మైకు పట్టుకుని, "మాస్టారు గారు చివరి మూడు నెలలూ సంఘం బహూకరించిన మిషనులో పాటలు వింటూ, ఎంతో సంతోషంగా ప్రభువు దగ్గరికి వెళ్ళారండి" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ నేనూ అన్నాను. ఇంటికొచ్చాక ఆ మాట నోట్లో చేదుగా ఉండిపోయింది. అబద్ధానికి ఆమెన్ చెప్పాను.

తర్వాత కార్యదర్శి గారే వచ్చి, జ్ఞాపకార్థం చిన్న పుస్తకం వేస్తున్నాం, మీరూ ఓ పది లైన్లు రాయండక్కగారూ అన్నారు. రాసిచ్చాను. మర్యాదగానే రాశాను. ఆ పది లైన్లలో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను. నా చదువు పదో తరగతి దాకానే. గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు. అందుకే పెన్ను పట్టుకున్నాను.

మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. జీతం లేకుండా చేసిన పని మా చర్చి క్వయిర్, నలభై ఏళ్ళు. కూలికి వెళ్ళేవాళ్ళనీ, టీచర్లనీ, గుమస్తాలనీ శనివారం సాయంత్రాలు నాలుగు గుంపులుగా నిలబెట్టేవారు. ఆడవాళ్ళకి ట్రెబుల్, ఆల్టో; మగవాళ్ళకి టెనర్, బేస్. ఒకే పాటకి నాలుగు వేరు వేరు వరసలు. ట్రెబుల్ వాళ్ళది అందరికీ తెలిసిన పాట. మిగతా మూడూ దాని కింద నడుస్తాయి. మా పాటలకి ఆ మూడు వరసలూ మాస్టారే కట్టారు. ఇంకే చర్చిలోనూ అవి లేవు.

పదో తరగతి పరీక్షలయిన వేసవిలో నేను ఆల్టోలో చేరాను. మొదటి వారం, "నా గొంతు నాకే వినబడట్లేదండీ మాస్టారండీ" అన్నాను.

"పక్కావిడది వినబడుతోందా?"

"ఆయ్, వినబడుతోందండి."

"అయితే సరిగ్గానే పాడుతున్నావమ్మాయ్."

ఆయన ఎవరినీ పేరు పెట్టి తప్పు పట్టేవారు కాదు. ఎవరైనా శ్రుతి తప్పితే తలెత్తి ఫ్యాను వైపు చూసేవారు. మా చర్చిలో ఫ్యాను రెక్కల మీద కూడా ఇచ్చినవాళ్ళ పేర్లుంటాయి. బెంచీలకీ, గోడ గడియారానికీ, మైకు స్టాండుకీ అంతే. "మాస్టారు దాతల పేర్లు చదువుతున్నారు, ఎవరమ్మా తప్పింది?" అని టెనర్‌లో పాడే తాపీ మేస్త్రి గారు గుసగుసగా అనేవారు, మేం నవ్వాపుకోలేకపోయేవాళ్ళం. చొక్కా జేబులో శ్రుతి అందుకోవడానికి ఊదే పిచ్ పైపు, దాని మీదుగా మడత పెట్టిన తెల్ల రుమాలు. టీ ఇస్తే సాసర్లో పోసి పక్కన పెట్టి, పాట పూర్తయ్యేదాకా ముట్టుకునేవారు కాదు.

ఆయన కట్టిన వరసలన్నీ ఒక పెద్ద పుస్తకంలో, మన సరిగమల్లాంటి సోల్ఫా అక్షరాలతో రాసి, సంఘం ఆఫీసు బీరువాలో ఉంచారు. ఆ గదికి టైల్స్ వేసినప్పుడు బీరువా ఖాళీ చేసి, పాత కాగితాలతో కలిపి తూకానికి వేసేశారు. మాస్టారు వెళ్ళి అడిగితే కార్యదర్శి గారు, "చెదలు పట్టేసిందండీ, ఇంకెందుకండీ అది" అన్నారు. నలభై ఏళ్ళ పని గురించి అన్న మాట అది. మాస్టారు "అలాగాండి" అని ఇంటికొచ్చేశారు.

అయినా ఒక దారి మిగిలింది. ప్రతి ఈస్టరుకీ క్రిస్మస్‌కీ మా పాటలు ఆయన టేపులో పట్టి ఉంచారు. ఆ క్యాసెట్లు చెమ్మకి బూజు పట్టకముందే రాజమండ్రిలో ఎవరిచేతో హార్డ్ డిస్కులోకి ఎక్కించారు. మొత్తం ఇరవై మూడు పాటలు. ఇంట్లో పాత యాంప్లిఫయరూ, చెక్క డబ్బాల్లో ఆయనే బిగించుకున్న రెండు పెద్ద స్పీకర్లూ ఉండేవి. షుగరు వల్ల చూపు బాగా తగ్గింది గానీ చెవి మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన విని ఒక్కో వరసా విడదీసి చెప్పాలి, నేను రాయాలి. మంగళవారం, శుక్రవారం కూర్చునేవాళ్ళం. ఒక్కో పాటకి పేజీలో నాలుగు గీతలు గీసుకునేదాన్ని. ఆరు పాటలయ్యాయి. ఏడోది మొదలెట్టేలోపు పిడుగు పడి, డిస్కు గుచ్చి వినే డీవీడీ ప్లేయర్ కాలిపోయింది.

ఇద్దరం బస్సెక్కి బ్రిడ్జి దాటి రాజమండ్రిలో సౌండ్ సిస్టమ్స్ అమ్మే ఒక మేడమీద షాపుకి వెళ్ళాం. ఆ షాపాయన ఓపికగా చెప్పారు. "ఇప్పుడు స్ట్రీమర్లు వచ్చాయండి. నెట్‌లో పాటల్నీ, కొన్నయితే మీ డిస్కులో పాటల్నీ కూడా తీసుకుని మీ యాంప్లిఫయర్‌కి అందిస్తాయి. మీ స్పీకర్లు మీవే ఉంచుకోవచ్చు." మూడు తీసి బల్ల మీద పెట్టారు.

మొదటిది ముందంతా నల్లటి అద్దం, పైన మెరిసే రేకు. ఒక్క బటనూ లేదు. మాస్టారు చుట్టూ తడిమి, "దీనికి మొహం ఎటుందండి?" అన్నారు.

"అంతా ఫోన్లోంచేనండి."

"నా ఫోన్ బటన్ల ఫోనండి" అని దాన్ని పక్కకి జరిపారు.

రెండోది పలికింది బాగానే గానీ, దాని రిమోటు బిస్కెట్టంత, బటన్లు చేతికి తగల్లేదు. మూడోది చూడటానికి మొరటుగా ఉంది. ముందు వైపే డిస్కు గుచ్చే చోటు, పెద్ద అక్షరాల తెర, రిమోటు మీద ఉబ్బెత్తు బటన్లు. అందులో ఒకటి నొక్కితే పాట పది సెకన్లు వెనక్కి వెళ్తుంది. మాస్టారు రుమాల్లో చుట్టి తెచ్చిన డిస్కు పెట్టించి, ఒకే చరణం ముక్కని పదకొండుసార్లు వెనక్కి తిప్పారు.

షాపాయన నవ్వి, "పాట పూర్తిగా వినరాండి?" అన్నారు.

"వినడానికి కాదండి, విడదీయడానికి" అని, మళ్ళీ నొక్కి, నా వైపు తిరిగారు. "అదిగో, విన్నావా, మేస్త్రి దగ్గు!" ఆయన మొహం అంత వెలగడం నేను మళ్ళీ చూడలేదు.

ఆ మూడోదాని పేరూ నంబరూ ఒక కాగితం మీద నాచేత రాయించుకున్నారు. నెలాఖరుకి వచ్చి తీసుకుందాం అనుకున్నాం. ఈలోగా సంఘం వాళ్ళు నలభై ఏళ్ళ సేవకి సన్మానం అన్నారు. ఏం కావాలో మీరే చెప్పండి మాస్టారూ అన్నారు. ఆయన చిన్నపిల్లాడిలా సంతోషపడి ఆ కాగితం ఇచ్చేశారు.

ఆదివారం ఆరాధన అయ్యాక శాలువా కప్పి, రంగు కాగితం విప్పి చూపించారు. మొదటిది. అద్దం పెట్టె.

"మీరు రాసిచ్చింది నాసిరకంగా ఉంది మాస్టారూ, మీ స్థాయికి తగదు. దానికి పైరకం తెచ్చాం" అన్నారు కార్యదర్శి గారు. పైగా ఆ రేకు మీద, పెళ్ళి బిందెల మీద పేర్లు కొట్టే స్టీలు సామాన్ల కొట్లో, అదే మిషనుతో సంఘం పేరూ, కింద కమిటీ పదకొండు మంది పేర్లూ కొట్టించారు. మాస్టారు వేళ్ళతో తడిమి, "బాగా లోతుగా కొట్టారండి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పెట్టెకి డిస్కు గుచ్చే చోటే లేదు.

మర్నాడు షాపాయనకి ఫోన్ చేశాను. ఆయన నొచ్చుకున్నారు. "సీలు తీసినా మార్చి ఇచ్చేవాణ్ణమ్మా. పేర్లు కొట్టించేశారు కదండీ, ఇంకెవరికి అమ్మను?"

ఇంకోటి కొనుక్కుందామండీ అంటే మాస్టారు ఒప్పుకోలేదు. "ఇది ఇంట్లో ఉండగా ఇంకోటి తెస్తే వాళ్ళ మొహాన కొట్టినట్టుంటుందమ్మా." ఆయన మీద కూడా నాకు కోపమే, రాయకుండా ఎలా ఉంటాను? పదకొండు మంది బాధపడతారని పదిహేడు పాటలు వదులుకున్నారు.

కార్యదర్శి గారు వచ్చి నెట్ పెట్టించి, పెట్టెని తన ఫోన్‌కి కలుపుకున్నారు.

"కోట్ల పాటలండీ మాస్టారూ, ఏది కావాలంటే అది."

"మన క్వయిర్ పాటలు ఉంటాయాండి?"

"అన్నీ ఉంటాయండి."

లేవు. ఎలా ఉంటాయి? ఆ తర్వాత మాస్టారింట్లో పాట మోగాలంటే కార్యదర్శి గారు తీరిక చేసుకుని రావాలి. ఒకటి మాత్రం రాకుండానే మోగింది. ఒక సాయంత్రం మేమిద్దరం ప్రార్థనలో ఉన్నాం. తల వంచుకుని ఉన్నాం, ఉన్నట్టుండి రెండు స్పీకర్లలోంచీ సినిమా డాన్సు పాట, గోడలు అదిరేలా. మాస్టారు కంగారుగా లేచి ప్లగ్గు కోసం తడుముకుంటుంటే టీ సాసరు కింద పడి పగిలింది. నేను పరిగెత్తి స్విచ్ ఆపాను. ఫోన్ చేస్తే కార్యదర్శి గారు పగలబడి నవ్వారు. "అయ్యో, మీ ఇంట్లో మోగిందాండి! కారులో పెట్టుకున్నాననుకున్నానక్కగారూ. ఫోన్లో మీ పెట్టె నొక్కేసినట్టున్నాను." ఆ సంగతి తర్వాత కమిటీలో తమాషాగా చెప్పుకున్నారట. చివర్న, "మాస్టారికి వాడటం రావట్లేదు పాపం" అన్నారట.

ఆయనకి రాకపోవడమేంటండీ! యాంప్లిఫయర్ విప్పి టంకం పెట్టుకున్న మనిషి.

ల్యాప్‌టాప్‌లో వినొచ్చు కదా అని మీరనుకోవచ్చు. క్వయిర్‌లో ఒకాయన తెచ్చారు. ఒక్క చరణం నలభైసార్లు వెనక్కి తిప్పాలని తెలిశాక మళ్ళీ రాలేదు. పెట్టె కార్యదర్శి గారి ఫోన్ మాటే వినేది; నా ఫోన్లో పెడితే, ఆ చిన్న స్పీకర్లో బేసు వినబడలేదు. ఆఖరికి మాస్టారు కళ్ళు మూసుకుని జ్ఞాపకం మీదే ఏడో పాట చెప్పబోయారు. రెండు లైన్లు చెప్పి ఆగిపోయారు. "ఇది అప్పటి వరసేనా, ఇప్పుడు కడుతున్నానా? కొట్టెయ్ అమ్మాయ్. తెలియనిది రాయకూడదు." కొట్టేశాను. ఆ తర్వాత మంగళవారాలూ శుక్రవారాలూ నేను వెళ్తే, ఆ స్పీకర్ల మధ్య కుర్చీలో ఊరికే కూర్చుని ఉండేవారు. పిచ్ పైపు జేబులో పెట్టుకోవడం కూడా మానేశారు. ఆయన సంతోషంగా వెళ్ళలేదు. పని మధ్యలో చెయ్యి విరగ్గొట్టించుకుని వెళ్ళారు.

ఆ సన్మానం రోజు నేను రెండో బెంచీలో ఉన్నాను. కాగితం రాసింది నేనే. లేచి, "ఇది కాదండీ ఆయన అడిగింది" అనడానికి ఎంత గొంతు కావాలి? ఆ గొంతే లేకపోయింది నాకు. కార్యదర్శి గారిని క్షమించే మనసిమ్మని రోజూ ప్రార్థన చేస్తున్నాను. ఇంకా రాలేదు. నన్ను క్షమించమని అడగడానికి అసలు నోరే రావట్లేదు.

ఇప్పుడా పెట్టెని సంఘం ఆఫీసులో మాస్టారి ఫోటో కింద అద్దాల బీరువాలో పెట్టారు. "మాస్టారు వాడిన మిషను" అని చీటీ అంటించారు. పదకొండు పేర్లూ బాగా కనబడేలా తిప్పి పెట్టారు.

డిస్కు వాళ్ళమ్మాయి నాకే ఇచ్చింది. విని నాలుగూ విడదీసే చెవి మా సంఘంలో ఇంకెవరికీ లేదు. నాకు వచ్చింది ఆల్టో ఒక్కటే. పదిహేడు పాటలకీ అదే రాస్తున్నాను. ముప్పై అయిదేళ్ళు పాడింది కాబట్టి తప్పు రాదు. రెండో గీత నిండుతోంది. పైన ఒకటీ కింద రెండూ ఖాళీ. పై గీత ఎవరినడిగినా చెబుతారు. కింది రెండూ ఎవరు చెబుతారు?

నిన్న పొద్దున్న వాకిట్లో కూర్చుని, రాసేముందు ఈస్టరు పాట పాడి చూసుకుంటున్నాను. చర్చికి నాతోపాటు వచ్చే ఎదురింటావిడ బిందె దించి నిలబడి, కాసేపు విని, "ఏం పాటండీ అది? ఎప్పుడూ విన్లేదే" అంది. ఏటేటా ఈస్టరుకి చర్చిలో ఆవిడా నాతో పాడే పాటే; ఆల్టో వరస ఒక్కటే విడిగా ఎప్పుడూ వినలేదంతే. మళ్ళీ మొదట్నుంచి అందుకున్నాను. ఆవిడ బిందె నడుమున పెట్టుకుని, ఆ వరసేంటో గుర్తుపట్టాలని తల ఒక పక్కకి వంచి, అలాగే నిలబడింది.

ఈ కాగితాలు ఎవరి చేతికొచ్చినా చింపెయ్యకండి. అలాగని సంఘంలో ఎవరికీ చూపించకండి. ఒకరి పరువు తీయాలని రాసింది కాదిది. బట్టల బీరువాలో అడుగున దాచండి చాలు.