ఖాళీ కూసో

ఒక్క మాట. ఇన్నేళ్లుగా గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీకు చెబుతున్నాను గానీ, మీరైనా ఎవరితోనూ అనరని నాకు నమ్మకమేమీ లేదు.

శాలిబండలో, ఇనుప పెట్టెలు చేసే దుకాణం పైగదిలో మా గురువుగారు ధ్యానం నేర్పేవారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆయన మాట ఇంగ్లీషులో చెప్పేది నేను. ఒకరోజు బిడ్డను పోగొట్టుకున్న విదేశీయురాలు ఒకామె వచ్చి, ధ్యానం ఎలా చేయాలని అడిగింది. ఆయన రెండే ముక్కలు చెప్పారు. మొదటిది "ఖాళీ కూసో". మా బస్తీలో ఎవరినడిగినా చెబుతారు, ఊరికే కూర్చో అని అర్థం. నేను మాత్రం "శూన్యమైపోయి కూర్చో" అన్నాను. తెలియక కాదు. ఊరికే కూర్చోవడానికి ఇంత దూరం రావాలా అని లేచిపోతుందేమోనని భయపడ్డాను. రెండో ముక్క అసలు చెప్పనే లేదు.

ఆవిడే ఆయన్ను తన దేశానికి తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. హాళ్లు నిండిపోయాయి. శూన్యం కోసం జనం రాళ్లలా కూర్చున్నారు. గురువుగారు వాళ్ల ముఖాలు చాలాసేపు చూసి నావైపు తిరిగారు.

"ఏందిరా, ఒక్కరు సుత ఏడుస్తలేరు? నువ్వేం చెప్పినవ్ గీళ్లకు?"

"మీరు చెప్పిందే చెప్పిన, బాపూ."

"గట్లనా" అని ఊరుకున్నారు. నమ్మారా? కనిపెట్టి కూడా నా పరువు కోసం ఊరుకున్నారా? లేక ఆ నిండిన హాళ్లు ఆయనకూ నచ్చాయా? చూశారా, తప్పు నాది, అనుమానం ఆయన మీద.

ఇప్పుడాయన లేరు. ఆ శూన్యం గురించి ఉపన్యాసాలిస్తూ తిరిగేది నేనే. సభలో ఎవరైనా మన యాసలో పలకరిస్తే చాలు, భుజాలు తడుముకుంటాను.

పోయిన చలికాలం ఆవిడ మళ్లీ వచ్చింది. ముసలిదైపోయింది. ఆనాటి నుంచి ఒక్క కన్నీటి చుక్క రాలేదని, అంతా ఆ మాట చలవేనని నా చేతులు పట్టుకుంది. చేతులు వదలకుండానే, "ఆ రోజు ఆయన ఇంకేదో కూడా అన్నట్టు గుర్తు. ఏమన్నారు?" అంది. ఆవిడకూ అనుమానమేనా? ఏమీ అనలేదని చెప్పాను.

అన్నారు. "ఖాళీ కూసో బిడ్డా. ఏడుపొస్తే ఏడువు."

ఇంతే ఆయన చెప్పిన ధ్యానం. మీకు చెప్పాక గొంతు కాస్త తేలికపడింది. ఆవిడకు మాత్రం ఇంకా చెప్పలేదు.