డేగ కన్ను

ఫలక్‌నుమాలోని ఒంటిగది ఇంట్లో, గుమ్మం దగ్గరి వెలుగులో ఒడిలో పలక పెట్టుకుని మొగులయ్య ఏళ్ల తరబడి ఒకే బొమ్మ వేస్తున్నాడు: ముంజేతి మీద వేటడేగను నిలుపుకున్న పాతకాలపు నవాబు. పత్తర్‌గట్టి దుకాణాల్లో దానికి గిరాకీ ఉంది. కుంచె మొనను పెదవుల మధ్య తడిపి, ఊపిరి బిగబట్టి, ఒక్కో ఈకా దించుతాడు. కన్ను మాత్రం ఎప్పుడూ భార్య లీలమ్మే వేసేది. ఆమె చుక్క పెట్టగానే డేగ ఎదుటి మనిషిని చూసేది.

షుగరు వల్ల లీలమ్మకు చూపు పోయింది. అప్పటినుంచి మొగులయ్యే కన్ను వేస్తాడు, నచ్చక తుడిచేస్తాడు. ఆ పొద్దున కూడా గుడ్డ రాపిడి ఆమె చెవిన పడింది.

"మళ్ల తుడుస్తున్నవా?"

"నా చేతికి వస్తలేదు లీలా."

"గట్లయితే కండ్ల మీద టోపీ వెయ్యి. వేటకు ఇడిసేదాంక నవాబులు డేగ కండ్లు మూసే ఉంచేటోళ్లు గద. గుడ్డిదని ఎవ్వరనరు."

మొగులయ్య గుడ్డ పక్కన పెట్టాడు. చాలాసేపటికి ఎరుపు కలిపాడు.

"అయిందా?" అని అడిగింది లీలమ్మ.

"అయింది. ఎర్రతోలు టోపీ. మీద బంగారు కుచ్చు పెట్టిన."

"ఎంతుంది కుచ్చు?"

అతడు కుంచె కింద పెట్టి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, చిటికెన వేలి గోటి మీద మెల్లగా గీసి చూపించాడు.